మెప్పు రాసే పేజీ

సర్కారీ శిక్షణ అనగానే ఉద్యోగులకి ముందుగా గుర్తొచ్చేవి ఓ ఫైలు, ఓ పెన్ను, మధ్యాహ్నం భోజనం. ఆఖరిరోజు గ్రూప్ ఫొటో. ముందు వరుసలో కుర్చీల్లో పెద్దలు, వెనక బెంచీ ఎక్కి నిలబడ్డ శిక్షణార్థులు. ఆ ఫొటో చేతికొచ్చేసరికి చెప్పిందాంట్లో సగం మరచిపోయి ఉంటామని వాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు. చేతిలో పెట్టే ధ్రువపత్రం మీద రాసేది కూడా విచిత్రమే... 'పాల్గొన్నారు' అని. నేర్చుకున్నారని కాదు. చేసి చూపించారని అసలే కాదు. వచ్చారు, కూర్చున్నారు, సంతకం పెట్టారు. అంతవరకూ నిజం.

2012 అక్టోబరులో వరంగల్‌లో జరిగిన ఒక శిక్షణకు మాత్రం ఫైలూ పెన్నూ చాలలేదు. చేతి తొడుగులు, తోపుడుబండ్లు కావాల్సి వచ్చాయి.

అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని యాభైకి పైగా మున్సిపాలిటీల నుంచి వందలమంది సిబ్బంది వరంగల్ చేరుకున్నారు. దాని పేరు 'క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్'. పేరు వింటే ఏ క్రికెట్ పోటీయో అనుకుంటారు. నిజానికి అది చెత్త ఎత్తడంలో పోటీ. రాష్ట్ర పురపాలక శాఖ కమిషనర్‌గా అప్పుడు డాక్టర్ బి.జనార్దన్ రెడ్డి ఉన్నారు. వరంగల్ నగరపాలక సంస్థ కమిషనర్ వివేక్ యాదవ్. చెత్త గురించి హాల్లో కూర్చోబెట్టి ఎన్ని పాఠాలు చెప్పినా ఊళ్లు మారడం లేదు కాబట్టి, పాఠాన్నే వీధిలోకి తెచ్చారు. ఊరూరి నుంచి వచ్చిన జట్లకు వాడలు పంచారు. వారంపాటు ఆ ఇళ్ల బాధ్యత వాళ్లదే. పొద్దున్నే గడపగడపకూ వెళ్లాలి. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఇంకోదాంట్లో వేయమని ఇల్లాళ్లను ఒప్పించాలి. చెత్తను తెచ్చి, చూపించి, లెక్క చెప్పాలి. ఎవరి వాడలో ఎంత బాగా వేరుపడిందన్నదే మార్కు.

బతుకమ్మ పండుగ ముంగిట్లో జరిగిందిది. ఓ పక్క తంగేడు, గునుగు కోసుకొచ్చే హడావుడి, ఇల్లు దులిపి పాత సామాను బయట పడేసే హడావుడి. ఇంకో పక్క గుమ్మం ముందు రోజూ కనిపించే సఫాయి మనిషి పక్కనే, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఓ కొత్త మనిషి. ఆయన ఎక్కడో ఓ పట్టణంలో పెద్ద అధికారి. ఇక్కడ మాత్రం, 'అమ్మా, అరటితొక్క ఇందులో కాదు, అందులో' అని బతిమాలుతున్నాడు!

ఇందులో పెద్ద విశేషం ఏముంది అనిపించొచ్చు. ఆ విశేషం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నగరాల్లో చెత్త పేరుకుపోతోందంటూ ఆల్మిత్రా పటేల్ అనే ఇంజినీరు 1996లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ కేసు పుణ్యమా అని 2000లో దేశమంతటికీ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. ఇంటింటి సేకరణ, వేరుచేయడం, ఎరువు చేయడం... అన్నీ అందులో ఉన్నాయి. అక్కడి నుంచి మున్సిపల్ సిబ్బందికి శిక్షణల మీద శిక్షణలు. నిబంధన ఏమిటో అందరికీ కంఠతా వచ్చింది. చెత్తకుండీ మాత్రం కూడలిలో అలాగే పొంగిపొర్లుతూ ఉండిపోయింది. తెలియక చేయకపోవడం వేరు, తెలిసీ చేయలేకపోవడం వేరు. మొదటిదానికి శిక్షణ మందు. రెండోదానికి ఉపన్యాసం ఎంత పోసినా దిగదు.

అది ముందే కనిపెట్టినవాళ్లు లేకపోలేదు. 1994లో ప్లేగు భయంతో సూరత్ సగం ఖాళీ అయింది. ఆ మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారులకు ఒకటే సూత్రం పెట్టారు. 'ఏసీ నుంచి డీసీకి' అని. ఏసీ గదుల్లోంచి లేచి రోజువారీ పనిలోకి రమ్మని ఆ మాటకు అర్థం. పొద్దుటిపూట ఏ అధికారీ కుర్చీలో కనిపించకూడదు, వీధిలో కనిపించాలి. కొద్ది కాలంలోనే దేశంలో పరిశుభ్రమైన నగరాల సరసన సూరత్ పేరు వినిపించింది. అంత దూరం పోనక్కర్లేదు, వరంగల్‌కి దక్షిణాన సూర్యాపేట ఉంది. 2003 ప్రాంతంలో అక్కడ మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ.ఖాదర్ సాహెబ్ ఊళ్లో చెత్తకుండీలే తీయించేశారు. కుండీ ఉంటేనే కదా దానిచుట్టూ పోసేది! ఇంటి దగ్గరే చెత్త తీసుకున్నారు. తడి చెత్తను వానపాములకు అప్పగించారు. చేతిలో ఉన్న మనుషులతోనే, ఉన్న డబ్బుతోనే. ఆ ఊరు చూసిపోవడానికి ఎక్కడెక్కడి మున్సిపాలిటీలో క్యూ కట్టాయి.

చూసి వెళ్లడం వేరు, చేసి వెళ్లడం వేరు. వరంగల్ ఆలోచనలో కొత్తదనం అక్కడుంది. వచ్చినవాళ్లు అతిథులు కారు, ఆ వారానికి ఆ వాడ సిబ్బంది. ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ బడిలో పంతులు ఎవరు? హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు పొడి లెక్కలు చెప్పగలడు. కానీ ఏ ఇంటి తలుపు ఎన్నింటికి తెరుచుకుంటుందో ఎవరికి తెలుసు? మూడో అంతస్తు వాళ్లకు ఈల వినపడదని, మలుపు దగ్గర కుక్క ఉందని, ఫలానా పెద్దాయనకు పొద్దున్నే మాట్లాడితే నచ్చదని ఎవరు చెబుతారు? బండి నిండాక ఎత్తు మీదికి తోయాలంటే బరువు ముందుకి సర్దాలి. సంచి ఎత్తి పట్టుకోగానే అందులో తడీ పొడీ కలిశాయో లేదో చేతికి తెలిసిపోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. రోజూ ఆ వీధి ఊడ్చే మనిషి దగ్గరే ఉంటుంది. వీధిలో పని నేర్చుకోవాలంటే ఎంత పెద్ద అధికారైనా ఆ మనిషినే అడగాలి. అడిగించుకోవడం కూడా ఒక మర్యాదే. ఏళ్ల తరబడి ఆ మనిషిని 'చెత్త' అని పిలిచిన ఊళ్లు మనవి. గేటు బయటి నుంచి 'చెత్త వచ్చిందమ్మా' అంటే లోపల్నుంచి పిల్లలు కూడా 'చెత్త వచ్చింది' అనే అరుస్తారు. చెత్త వాళ్లది కాదు, మనది అన్న సంగతి గుర్తుండదు.

ఆ పోటీ తర్వాత వరంగల్ పేరు దేశంలో నాలుగు చోట్ల వినిపించింది. ఇంటింటి సేకరణ ఊరంతా పాకింది. 2016లో కేంద్రం స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలుపెట్టి నగరాలకు ర్యాంకులు ఇవ్వసాగింది. 2017లో 434 నగరాలు పోటీ పడితే వరంగల్‌కు 28వ స్థానం దక్కింది. చిన్న సంగతేమీ కాదు. అయితే ఆ తర్వాత రెండేళ్లకే ర్యాంకు బాగా కిందికి జారింది. ఎందుకు జారిందంటే కారణాలు బోలెడు. చుట్టుపక్కల పల్లెలు నగరం లెక్కలోకి వచ్చాయి, 2015లో అది గ్రేటర్ అయింది. కమిషనర్లు మారారు. సర్వేక్షణ్ మార్కుల పద్ధతి ఏటా మారింది. ఇవన్నీ నిజమే. ఇవి కాక, ఎక్కువమంది మాట్లాడని కారణం మరొకటి ఉంది. దాన్ని పట్టుకోవాలంటే పంద్రాగస్టు పొద్దున పరేడ్ మైదానంలో ఏం జరుగుతుందో చూడాలి.

జెండా ఎగరేశాక, శకటాలు కదిలాక, ఉత్తమ ఉద్యోగుల పేర్లు చదువుతారు. జనవరి 26న కూడా అంతే. తెలంగాణ వచ్చాక జూన్ 2 కూడా తోడయింది. ఒక్కో శాఖ నుంచి కొన్ని పేర్లు. మైకులో పేరు వినగానే వేదిక ఎక్కడం, ప్రశంసాపత్రం అందుకోవడం, ఫొటోకి ఒక్క క్షణం ఆగడం, రెండో వైపు మెట్లు దిగడం. నిజంగా అర్హులైనవాళ్లు అందులో ఎందరో ఉంటారు. ఇంట్లో ఆ కాగితానికి అద్దం కట్టించి, దేవుడి పటాల పక్కన పెట్టుకునేవాళ్లున్నారు. కానీ జాబితా తయారయ్యే తీరు మీద ప్రతి ఆఫీసులోనూ ఏదో ఒక చమత్కారం చెలామణిలో ఉంటుంది. సారు కింద పనిచేసేవాడికి పోయినసారి, సారుకి ఈసారి అని ఒకటి. అందరికీ వంతు వస్తుంది, రేషన్ లాగా అని ఇంకొకటి. మెచ్చుకోలు వంతులవారీగా వస్తే దాంట్లో మెచ్చుకోలు మిగలదు. అసలు ఏ పనికి ఆ కాగితం ఇచ్చారో అందులో ఒక్క ముక్క రాయరు. 'విధి నిర్వహణలో విశేష ప్రతిభ' అని ఉంటుంది, అంతే. ఏ విధి? ఏం ప్రతిభ?

ఉపాధ్యాయుల సంగతి ఇంకో రకం. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి 2018 నుంచి ఎవరికి వారే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైరవీలు తగ్గడానికి అది మంచి మార్గమే, కాదనలేం. కాకపోతే పిల్లలతో పొద్దంతా కుస్తీపట్టే పంతులమ్మ, రాత్రి కూర్చుని తన గురించి తానే గొప్పగా రాసుకోవాలి. అది చేతనైనవాళ్లు వేరు, పాఠం చేతనైనవాళ్లు వేరు. రెండూ చేతనైనవాళ్లు అదృష్టవంతులు.

ఇక శిక్షణలో మెప్పు సంగతి. అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆచార్యుడు 1959లో శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పారు. వాటిని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: నచ్చిందా? వచ్చిందా? చేస్తున్నారా? ఫలితం కనిపిస్తోందా? మన ప్రభుత్వ శిక్షణల్లో చాలావరకు మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. ఆఖరిరోజు ఓ కాగితం ఇచ్చి వసతి ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, పాఠం ఎలా ఉంది అని అడుగుతారు. భోజనం బాగుంటే అన్నీ బాగున్నట్టే. 2020 సెప్టెంబరులో కేంద్రం 'మిషన్ కర్మయోగి' ప్రకటించింది. ఉద్యోగులు ఫోన్లోనే పాఠాలు చదువుకోవచ్చు. పూర్తిచేస్తే 'కర్మ పాయింట్లు' వస్తాయి. 2024 అక్టోబరులో కర్మయోగి వారోత్సవం పెట్టి, ఒక్కొక్కరు కనీసం 4 గంటలు నేర్చుకోవాలన్నారు. మంచిదే. రైలుబండిలో కూడా పాఠం చదువుకోవచ్చు. కానీ గంటలు లెక్కపెట్టడం సులువు. మూడు నెలల తర్వాత ఆ మనిషి కౌంటర్ దగ్గరికొచ్చిన ముసలమ్మతో ఎలా మాట్లాడుతున్నాడో లెక్కపెట్టడం కష్టం. సులువైనది లెక్కపెట్టి కష్టమైనదాన్ని వదిలేయడం మనిషి స్వభావం.

వరంగల్ పొలిమేరలోనే దీనికి భిన్నమైన చోటు ఒకటుంది. మామునూరు పోలీసు శిక్షణ కళాశాల. కానిస్టేబుళ్లుగా ఎంపికైన కుర్రాళ్లు నెలల తరబడి అక్కడ చెమటోడుస్తారు. చివర్న దీక్షాంత్ పరేడ్. చట్టాల పాఠాల్లో ఎవరు మేటి, మైదానంలో ఎవరు మేటి, తుపాకీ గురిలో ఎవరు, అన్నింటా ఎవరు అని తేల్చి ట్రోఫీలు ఇస్తారు. ఆ పొద్దు చూసి తీరాల్సిందే. పల్లెల నుంచి ఆటోల్లో, జీపుల్లో తల్లిదండ్రులు దిగుతారు. ఒకే రకం బట్టల్లో, ఒకే రకం క్షవరంతో నిలబడ్డ వందలమందిలో తమ పిల్లగాడు ఎక్కడున్నాడో వెతుక్కుంటారు. పరేడ్ ముగిశాక కొడుకు టోపీ తీసి తల్లి నెత్తిన పెడతాడు. ఆమె సిగ్గుపడుతూ ఫొటోకి నిలబడుతుంది. ట్రోఫీ వచ్చినవాడికీ రానివాడికీ ఆ ఫొటో ఒకటే. మెప్పు అనేది ఇంటిదాకా చేరితే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. పోలీసు శాఖ ఇంకో మంచిపని కూడా చేసింది. నేర్చుకునేవాళ్లకే కాక నేర్పేవాళ్లకు కూడా కేంద్ర హోంమంత్రి పేరిట పతకం పెట్టింది. ఒకప్పుడు శిక్షణ కేంద్రానికి బదిలీ అంటే శిక్ష కింద లెక్క. స్టేషన్ పోయింది, జీపు పోయింది, మిగిలింది నల్లబోర్డు అని నిట్టూర్చేవాళ్లు. అలాంటి చోట నేర్పడం కూడా ఒక గొప్పపనే అని చెప్పడానికి ఆ పతకం అవసరమైంది.

పంచాయతీల్లో ఇంకో ప్రయోగం జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో తొమ్మిది వేలకు పైగా జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన ఇచ్చి, మరుసటి ఏడాది నియమించింది. వరంగల్ పక్కనున్న హసన్‌పర్తి విస్తరణ శిక్షణ కేంద్రం లాంటివి పంచాయతీ వ్యవహారాల్లో ఓనమాలు నేర్పే బళ్లు. ఆ కుర్రాళ్లకు ముందు మూడేళ్లు, తర్వాత మరో ఏడాది పరీక్షా కాలం పెట్టారు. 2023లో క్రమబద్ధీకరించాలంటూ సమ్మె చేశాక, వాళ్ల పనిని ఊళ్లకు వెళ్లి చూసి మార్కులు వేశారు. వీధులు శుభ్రంగా ఉన్నాయా, నర్సరీలో మొక్కలు బతికాయా, పన్నులు వసూలయ్యాయా... నూటికి 70 వస్తే ఉద్యోగం ఖాయం. కిర్క్‌పాట్రిక్ గారి నాలుగో మెట్టు దాకా వెళ్లారన్నమాట! పద్ధతి మీద తగవులు ఉండొచ్చు గానీ, కాగితం కాక ఊరే సాక్ష్యం చెప్పడం మాత్రం మెచ్చదగ్గది. అయితే ఆ మార్కుల్లో 'వీధుల శుభ్రం' అనే గడి నింపింది ఎవరి చీపురు? ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండే పంచాయతీ కార్మికులది. ఊడ్చిన వీధికి మార్కు కార్యదర్శి ఖాతాలో పడింది. అదే ఏడాది జులైలో ఆ కార్మికులు కూడా సమ్మెకు దిగారు. జీతం పెంచమని, పర్మినెంట్ చేయమని.

మళ్లీ వరంగల్ వీధుల్లోకి వస్తే, ఎక్కువమంది మాట్లాడని ఆ కారణం దొరికేది ఇక్కడే.

ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. చేరినరోజు నుంచి పదవీ విరమణ దాకా అతని బతుకంతా అందులోనే. ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, పాసైన శాఖాపరీక్షలు, తీసుకున్న శిక్షణలు, పొందిన మెప్పులు, తిన్న మెమోలు. ఉద్యోగి ఊరు మారితే ఆ పుస్తకం కూడా వెనకాలే వస్తుంది. కొత్త అధికారి దాన్ని తిరగేసి, ఓహో ఈయన ఫలానా చోట ఫలానా పని చేశాడా అని తెలుసుకుంటాడు. అంటే మెప్పుకి ఓ చిరునామా ఉంది.

ఔట్‌సోర్సింగ్ సఫాయి కార్మికురాలికి ఆ పుస్తకం లేదు. హాజరు పట్టీ ఉంది, జీతం పడే బ్యాంకు ఖాతా ఉంది, పీఎఫ్ కోత ఉంది. ఎన్నేళ్లుగా ఊడుస్తోంది, ఏం నేర్చుకుంది, ఎవరికి నేర్పింది అని రాసిపెట్టిన కాగితం ఏ బీరువాలోనూ లేదు. 2012లో ఏదో ఊరి అధికారికి బండి తోయడం నేర్పి ఉంటే, ఆ అధికారి పుస్తకంలో ఆ శిక్షణ చేరుతుంది. నేర్పిన చేతికి చేరదు. పదేళ్లు తడి పొడి వేరుచేయించి వాడ మొత్తాన్ని దారిలో పెట్టిన మనిషి, ఒక పొద్దున రానంటే ఆ నేర్పు ఆమెతోపాటే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చిన మనిషి మళ్లీ మొదటి ఇంటి దగ్గర మొదలుపెట్టాలి. ఇల్లాలు కూడా కొత్త మనిషే కదా అని మళ్లీ అన్నీ ఒకే సంచిలో కట్టి పెడుతుంది. ఊళ్లు మెట్టు మెట్టుగా ఎక్కి ఒక్కసారిగా జారడంలో దీనికి వాటా లేదనడం కష్టం. ర్యాంకుల పట్టికలో ఈ గడి మాత్రం కనిపించదు.

మెప్పు అసలే దక్కలేదని కాదు. 2020 ఏప్రిల్‌లో కరోనా భయంతో అందరూ తలుపులు వేసుకున్నప్పుడు వీళ్లు మాత్రం వీధిలోనే ఉన్నారు. అప్పుడు చాలా ఊళ్లలో వాళ్ల మెడలో దండలు వేశారు, కాళ్లు కడిగారు, మిద్దెల మీది నుంచి పూలు చల్లారు. రాష్ట్ర ప్రభుత్వం జీతం కాక ప్రోత్సాహకంగా మున్సిపాలిటీల్లోని పారిశుద్ధ్య సిబ్బందికి 5 వేల రూపాయల చొప్పున ప్రకటించింది. ఆ దండ వేసిన చేతుల్ని తప్పుపట్టకూడదు. మనసులోంచి వచ్చిన పనే అది. ఐదేళ్ల ముందు, 2015 వేసవి దాటాక ఇదే కార్మికులు జీతాలు పెంచమని తెలంగాణ అంతటా వారాల తరబడి సమ్మె చేసినప్పుడు కూడలిలో చెత్త కుప్పలు చూసి ముక్కు మూసుకున్నవీ ఆ ఊళ్లే. పూలు చల్లిన వీధిని మర్నాడు ఊడ్చింది కూడా వాళ్లే మరి!

ఇదంతా చదివి, సఫాయి పనికి శిక్షణ ఏమిటి, దానికి మెప్పు పుస్తకం ఏమిటి అనేవాళ్లు ఉండొచ్చు. వాళ్లకి జవాబు కూడా వరంగల్‌లోనే దొరుకుతుంది. సెప్టిక్ ట్యాంకుల సంగతి అందరికీ తెలిసిందే. ఇంటి కింద ఓ గొయ్యి, అది నిండితే ఓ ట్యాంకర్ ఫోన్ నంబరు. ఆ ట్యాంకర్ ఎవరిది, తోడిన మురికిని ఎక్కడ పారబోస్తారు, లోపలికి దిగే కుర్రాడికి ఊపిరి ఆడుతుందా లేదా... ఎవరూ అడగరు. రాత్రిపూట ఏ చెరువు గట్టునో, ఏ పొలం కాలువలోనో వదిలేసి పోవడం చాలా ఊళ్లలో మామూలు. లోపల పేరుకున్న విషవాయువుకి మనుషులు చనిపోయిన వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. మనుషుల్ని అలా దించకూడదని 2013లో చట్టమే వచ్చింది.

2016లో వరంగల్ నగరపాలక సంస్థ, హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సాయంతో ఈ మురికి నిర్వహణకు సొంత నియమావళి రాసుకుంది. దేశంలో అలా రాసుకున్న తొలి నగరాల్లో ఇదొకటి. ట్యాంకర్ల యజమానులను, వాటి మీద పనిచేసే మనుషులను పిలిచి కూర్చోబెట్టారు. మనిషి దిగకుండా ట్యాంకు ఎలా ఖాళీ చేయాలి, తొడుగులు, బూట్లు, ముసుగు ఎప్పుడు వేసుకోవాలి, తోడింది ఎక్కడ పోయాలి అన్నీ నేర్పారు. నేర్చుకున్నవాళ్ల బండ్లకే లైసెన్సు. బండి ఎక్కడ తిరుగుతోందో తెలిసేలా జీపీఎస్. పోయడానికి అమ్మవారిపేట దగ్గర శుద్ధి కేంద్రం కూడా కట్టారు.

ఇక్కడ శాలువా లేదు, వేదిక లేదు, మైకులో పేరు చదవడం లేదు. చేతిలో పెట్టింది ఒక లైసెన్సు కాగితం. కానీ దాని మీద 'పాల్గొన్నారు' అని లేదు. ఈ పని చేయడానికి ఈ బండికి అర్హత ఉంది అని ఉంది. నిన్నటిదాకా చీకటి పడ్డాక దొంగచాటుగా తిరిగిన ట్యాంకర్ పగటిపూట, నగరపాలక సంస్థ ఒప్పుకున్న బండిగా, హన్మకొండ చౌరస్తా మీదుగా వెళ్లొచ్చు. దాని మీద పనిచేసే కుర్రాడు ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పుకోవచ్చు.

ఇంటింటికీ తిరిగే సఫాయి కార్మికురాలికి అలాంటి కాగితం ఒకటి ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఫలానా వాడలో, ఫలానా ఏడాది నుంచి, ఇన్ని ఇళ్ల దగ్గర తడి పొడి వేరుగా తీసుకుంటోంది, ఇంతమందికి పని నేర్పింది అని నాలుగు వరుసలు చాలు. ఏజెన్సీ మారినా, కమిషనర్ మారినా ఆ నాలుగు వరుసలు ఆమె దగ్గర ఉంటాయి. ఈ మధ్య కొన్ని ఇళ్లల్లో పండుగకి ఆమె చేతిలో చీర పెడుతున్నారు. అది ఆ ఇంటివాళ్ల మంచితనం. ఆమె పేరు తెలిసిన ఇళ్లు ఆ వాడలో ఎన్ని ఉన్నాయో వచ్చే ఆదివారం పొద్దున, ఈల వినిపించినప్పుడు, పిల్లలను అడిగి చూడొచ్చు.